‘ఊరుకో తల్లీ’ అనడం ఇక చాలు

ఏటా నవంబర్ 25ను స్త్రీలపై హింసను నిర్మూలించే అంతర్జాతీయ దినంగా ఐక్యరాజ్యసమితి పాటిస్తుంది. ఆ రోజు మొదలుకొని మానవ హక్కుల దినమైన డిసెంబర్ 10 వరకు పదహారు రోజులపాటు అనేక దేశాల్లో సభలు, ఊరేగింపులు, ప్రార్థనలు జరుగుతాయి. మన సంఘాల్లో మాత్రం అవి ఆగమన కాలపు రోజులు. క్యారల్స్ ప్రాక్టీసు, స్టార్లు కట్టడం, సండేస్కూలు పిల్లల నాటకం, క్రిస్మస్ చందాల వసూలు, వీటితోనే తీరిక ఉండదు. ఈ రెండూ ఒకే కాలంలో రావడం మంచిదే అంటాము మేము. పెళ్ళి కాకుండా గర్భవతి అయిన ఒక పేద కన్యను ఆనాటి సమాజం ఏం చేయగలదో ధర్మశాస్త్రం చదివినవారికి తెలుసు. మన పండుగ ఆ ప్రమాదం అంచున మొదలైంది. కాబట్టి ఈ పదహారు రోజుల్లో స్త్రీలపై హింస గురించి గుడిలో మాట్లాడితే పండుగకు వచ్చే లోటేమీ లేదు.

అయితే ఎవరి గురించి మాట్లాడాలి? 2023 మే 4న మణిపూర్‌లో కుకీ స్త్రీలను నగ్నంగా ఊరేగించారు. ఆ వీడియో జూలై 19న బయటికి వచ్చినప్పుడు దేశంలోని అనేక సంఘాలు రోడ్డెక్కాయి, కొవ్వొత్తులు వెలిగించాయి, ఉపవాస ప్రార్థనలు చేశాయి. అది చేయవలసిన పనే. అంతకంటే ఎక్కువే చేయవలసి ఉండింది. కానీ ఆ ఊరేగింపుల్లో కొవ్వొత్తి పట్టుకుని మన పక్కన నడిచిన సహోదరి ఇంటికి వెళ్ళాక ఆమెకు ఏం జరుగుతోందో ఎందరు అడిగారు? హింసించేవాడు పరాయివాడైతే సంఘం గొంతు లేస్తుంది. అతడు మన బెంచీ మీద కూర్చుని, మనతో కలిసి బల్లలో పాలు పొంది, కానుకల సంచి పట్టేవాడైతే అదే గొంతు పడిపోతుంది. ఈ తేడా పోనంతవరకు లోకంలోని హింస మీద సంఘం చేసే నిరసనకు సాక్ష్యబలం ఉండదు. ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఇదే.

ఆ తేదీ వెనుక ముగ్గురు అక్కచెల్లెళ్ళు

నవంబర్ 25 ఊరికే పెట్టిన తేదీ కాదు. కరేబియన్ సముద్రంలోని డొమినికన్ రిపబ్లిక్‌లో పాట్రియా, మినర్వా, మరియా తెరేసా మిరాబల్ అనే ముగ్గురు అక్కచెల్లెళ్ళు ఉండేవారు. 1930 నుంచి ఆ దేశాన్ని గుప్పిట్లో పెట్టుకున్న నియంత ట్రుహియోను ఎదిరించే రహస్య ఉద్యమంలో వారు పనిచేశారు. మినర్వా, మరియా తెరేసా జైలుపాలయ్యారు, బయటికి వచ్చాక కూడా ఆగలేదు. 1960 నవంబర్ 25న, జైల్లో ఉన్న భర్తలను చూసి తిరిగి వస్తుండగా నియంత మనుషులు వారి జీపును అడ్డగించారు. ముగ్గురినీ, డ్రైవరునూ కొట్టి చంపి, జీపును లోయలోకి తోసి, ప్రమాదమని నమ్మించాలని చూశారు. జనం నమ్మలేదు. ఆరు నెలలు గడిచేసరికి ఆ నియంత కూడా హతుడయ్యాడు. ప్రాణాలతో మిగిలిన సోదరి డెడె ఆ పిల్లలను పెంచింది. 2014లో కన్నుమూసేవరకు తన అక్కచెల్లెళ్ళ కథ చెబుతూనే ఉంది. 1981లో కొలంబియాలోని బొగోటాలో కూడిన లాటిన్ అమెరికా స్త్రీలు ఆ తేదీని ఎంచుకున్నారు. 1999లో ఐక్యరాజ్యసమితి దాన్ని ఆమోదించింది.

ఈ చరిత్రలో సంఘం కూడా ఉంది. పాట్రియా భక్తిగల క్యాథలిక్ స్త్రీ. ఆమె సంఘం మాత్రం చాలా ఏళ్ళు ఆ నియంతతో సఖ్యంగానే నడిచింది. 1960 జనవరిలో గానీ బిషప్పులు అక్రమ అరెస్టులను నిరసిస్తూ లేఖ రాసి గుడుల్లో చదివించలేదు. ఆ లేఖ ప్రభుత్వాన్ని కదిలించింది. కానీ అప్పటికి ముప్పై ఏళ్ళు గడిచిపోయాయి. సంఘం నోరు విప్పడానికి తీసుకునే కాలానికి వెల కట్టేది ఎప్పుడూ బలహీనులే.

మాట్లాడిన విశ్వాసులు ఏం సాధించారు?

ఇందుకు భిన్నమైన కథలు కూడా ఉన్నాయి. రెండు చెబుతాం.

పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియాలో ఏళ్ళ తరబడి అంతర్యుద్ధం సాగింది. పిల్లల చేతికి తుపాకులిచ్చారు. స్త్రీలను చెరచడం ఒక యుద్ధ పద్ధతి అయింది. లూథరన్ సంఘం నడిపిన పునరావాస కార్యక్రమంలో పనిచేసిన లేమా బోవీ అనే తల్లి, గుడికి వచ్చే స్త్రీలను ముందుగా కూడగట్టింది. తరువాత ముస్లిం స్త్రీలు వారితో చేయి కలిపారు. 2003లో వేలమంది స్త్రీలు తెల్లబట్టలు కట్టుకుని రాజధాని మన్రోవియాలో చేపల మార్కెట్టు పక్కన ఎండలోనూ వానలోనూ కూర్చున్నారు. శాంతి చర్చలు ఘనా దేశానికి మారితే అక్కడికీ వెళ్ళారు. ఒప్పందం కుదిరేవరకు నాయకులు బయటికి రాకుండా హాలు తలుపులకు అడ్డంగా కూర్చున్నారు. 2003 ఆగస్టు 18న ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. 2011లో బోవీకి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆమె మొదలుపెట్టింది ఎక్కడో గమనించండి: ఒక గుడిలో, స్త్రీల ప్రార్థనా కూటంలో. మన ప్రతి సంఘంలోనూ ఉన్న కూటమే అది.

రెండోది కాంగో. డాక్టర్ డెనిస్ ముక్వెగె ఒక పెంతెకొస్తు పాస్టరు కొడుకు, తానూ వాక్యం చెప్పేవాడు. చిన్నప్పుడు తండ్రి రోగుల కోసం ప్రార్థించడానికి వెళ్తుంటే వెంట వెళ్ళి, ప్రార్థనతోపాటు మందు ఇచ్చేవాడు కూడా కావాలనుకుని డాక్టరయ్యాడు. 1999లో బుకావు పట్టణంలో పాంజీ ఆస్పత్రి ప్రారంభించారు. సురక్షితమైన కాన్పుల కోసం పెట్టిన ఆస్పత్రి అది. కానీ అక్కడికి వచ్చిన మొదటి రోగి, సైనికుల చేతిలో చెరచబడి గాయపడిన స్త్రీ. అప్పటినుంచి అలాంటి వేలాది స్త్రీలకు ఆయన, ఆయన బృందం శస్త్రచికిత్సలు చేశారు. చికిత్స చేసి ఊరుకుని ఉంటే ఆయనకు ముప్పు ఉండేది కాదు. 2012 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితిలో నిలబడి, దోషులను శిక్షించని ప్రభుత్వాలను పేరుపెట్టి నిలదీశారు. మరుసటి నెలలో సాయుధులు ఆయన ఇంటి మీదికి వచ్చారు. ఆయన బతికారు గానీ కాపలాగా ఉన్న మిత్రుడు చనిపోయాడు. కుటుంబంతో దేశం విడిచి వెళ్ళిపోయారు. అప్పుడు, రోజు కూలి మీద బతికే ఆ ప్రాంతపు స్త్రీలు ఉల్లిపాయలు, అనాసపండ్లు అమ్మి ఆయన విమానం టికెట్టుకు డబ్బు పోగుచేశారు. 2013 జనవరిలో ఆయన తిరిగి వచ్చారు. 2018లో నదియా మురాద్‌తో కలిసి నోబెల్ శాంతి బహుమతి అందుకున్నారు.

సత్క్రియ చేసే క్రైస్తవులకు మన దేశంలోనూ కొదువ లేదు. ఆస్పత్రులు, హాస్టళ్ళు, కుట్టుమిషన్లు, బియ్యం సంచులు, అన్నీ ఇస్తాం. గాయానికి కట్టు కడతాం. గాయం చేసినవాడి పేరు చెప్పడం దగ్గరే ఆగిపోతాం. ముక్వెగె ఆ హద్దు దాటారు.

లెక్కలు మన ఇంటి తలుపు తడుతున్నాయి

ప్రపంచంలో ప్రతి ముగ్గురు స్త్రీలలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు శారీరక లేదా లైంగిక హింసకు గురవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించింది. ఎక్కువగా ఆ హింస చేసేది భర్తో, సహజీవనం చేసేవాడో. 2023లో సుమారు 51,100 మంది స్త్రీలు, బాలికలు తమ భర్తల, ప్రియుల, కుటుంబసభ్యుల చేతుల్లోనే హతులయ్యారని ఐక్యరాజ్యసమితి అంచనా వేసింది. అంటే రోజుకు 140 మంది. వీళ్ళకు ప్రాణాపాయం వచ్చింది చీకటి సందులో కాదు, సొంత వంటింట్లో.

ఇప్పుడు మనం ఉండే ప్రాంతాలకు వద్దాం. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, భర్త చేతిలో దెబ్బలో లైంగిక హింసో అనుభవించామని చెప్పిన వివాహిత స్త్రీలు దేశం మొత్తం మీద వందకు 29 మంది. కర్ణాటకలో 44 మంది, పెద్ద రాష్ట్రాలన్నిటిలో అదే ఎక్కువ. తమిళనాడులో 38 మంది, తెలంగాణలో 37 మంది.

ఇంతకంటే మనసు కలచివేసే సంఖ్య ఇంకోటి ఉంది. చెప్పకుండా బయటికి వెళ్తే, పిల్లలను పట్టించుకోకపోతే, ఎదురు మాట్లాడితే, కూర సరిగా వండకపోతే, అత్తమామలను గౌరవించకపోతే, ఇలా ఏడు కారణాలు చదివి, భర్త భార్యను కొట్టడం సబబేనా అని సర్వేలో అడిగారు. ఏదో ఒక కారణానికైనా సబబే అన్న స్త్రీలు తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ వందకు సుమారు 84 మంది. కర్ణాటకలో 77 మంది. కొట్టించుకునే వారి నోటనే ఈ మాట వచ్చిందంటే, ఎన్ని తరాలుగా, ఎందరు పెద్దలు, ఎన్ని వేదికల మీదినుంచి ఆ మాట నేర్పి ఉండాలి! అందులో మన ప్రసంగ వేదిక వాటా ఎంత?

హింసకు గురైన స్త్రీలలో సహాయం కోసం ఎవరినైనా ఆశ్రయించినవారు వందకు 14 మంది మాత్రమేనని అదే సర్వే చెప్పింది. 77 మంది ఎవరి చెవినా వేయలేదు. అమ్మకు చెప్పలేదు, స్నేహితురాలికి చెప్పలేదు, పాస్టరమ్మకూ చెప్పలేదు. క్రైస్తవ ఇళ్ళు ఈ లెక్కకు బయట ఉన్నాయని అనుకోవడానికి మనకు ఏ ఆధారమూ లేదు. కర్ణాటకలో వందమంది వివాహిత స్త్రీలున్న ఒక తెలుగు సంఘాన్ని ఊహించుకోండి. ఆదివారం చాప మీద కూర్చుని పాట పాడే వారిలో నలభై మందికి పైగా దెబ్బ రుచి తెలిసినవారే కావచ్చు. వారిలో చాలామంది సంగతి దేవునికి తప్ప మరెవరికీ తెలియదు.

తామారు ఊరుకోలేదు, ఊరుకోమన్నారు

ఈ మౌనం ఎలా తయారవుతుందో తెలుసుకోవాలంటే 2 సమూయేలు 13వ అధ్యాయం చదవాలి. మన గుడుల్లో అరుదుగా వినబడే అధ్యాయం అది. దావీదు కుమార్తె తామారును ఆమె సవతి అన్న అమ్నోను రోగం నటించి పిలిపించుకుని బలవంతం చేశాడు. ఆమె మౌనంగా లొంగలేదు. ముందు వాదించింది. ఇశ్రాయేలులో ఇలాంటిది జరగరాదని ధర్మం చెప్పింది. తన గతి ఏమవుతుందో, అతని పరువు ఏమవుతుందో కూడా చెప్పింది. ఘోరం జరిగాక తలమీద బూడిద పోసుకుని, రంగురంగుల వస్త్రం చింపుకుని, బిగ్గరగా ఏడుస్తూ అందరి ఎదుట నడిచి వెళ్ళింది. ఆ కాలంలో ఒక స్త్రీ పెట్టగల ఫిర్యాదు అంతకంటే ఏముంటుంది?

అప్పుడు ఆమె సొంత అన్న అబ్షాలోము ఏమన్నాడు? వాడు నీ అన్న కదా, దీన్ని మనసులో పెట్టుకోకు, ఊరుకో అన్న అర్థంలో మాట్లాడాడు. తండ్రి దావీదు సంగతంతా విని చాలా కోపపడ్డాడని వాక్యం చెబుతుంది. ఆ కోపం తరువాత ఏ చర్యా లేదు. విచారణ లేదు, శిక్ష లేదు, కుమార్తెను పిలిచి ఓదార్చినట్టు ఒక్క మాట కూడా లేదు. తామారు అన్న ఇంట్లో ఒంటరిగా మిగిలిపోయింది. రెండేళ్ళకు అబ్షాలోము అమ్నోనును చంపించాడు. ఆ తరువాత తండ్రి మీదికే దండెత్తాడు. ‘ఇంటి పరువు’ కోసం కప్పిపెట్టిన సంగతి ఆ ఇంటినే కూల్చింది.

మన దగ్గరికి వచ్చే సహోదరి కూడా ఈ మాటలే వింటుంది. “ఊరుకో తల్లీ, ఎంతైనా నీ భర్త.” “పిల్లల ముఖం చూసి సర్దుకో.” “ప్రార్థన చెయ్యి, ప్రభువు మారుస్తాడు.” “బయటికి తెలిస్తే సంఘానికి చెడ్డపేరు.” చెప్పేవారు చెడ్డవారు కారు. ఆమె కాపురం నిలబడాలన్నదే వారి కోరిక. కానీ ఆ సలహా విని తిరిగి వెళ్ళిన స్త్రీకి ఒక సంగతి అర్థమవుతుంది: ఇకపై చెప్పుకోవడానికి ఎవరూ లేరు. కొట్టినవాడికి కూడా ఒక సంగతి అర్థమవుతుంది: తనను అడిగేవారు లేరు.

వాక్యాన్ని సగం చదవకండి

కాపురాల తగవులు వచ్చినప్పుడు పెద్దలు తరచూ చూపే వచనాలు కొన్ని ఉన్నాయి. వాటిని పూర్తిగా చదవమని మాత్రమే మేము అడుగుతున్నాము.

విడాకులు దేవునికి అసహ్యమని చెప్పడానికి మలాకీ 2:16 చూపుతారు. అదే వచనం రెండో సగంలో, బలాత్కారంతో వస్త్రాన్ని నింపుకునేవాడు కూడా ఆయనకు అసహ్యమని ఉంది. భార్యను విడిచిపెట్టడం, హింస, రెండిటినీ ప్రవక్త ఒకే ఊపిరిలో ఖండించాడు. మొదటి సగం స్త్రీకి చదివి వినిపించి, రెండో సగం పురుషుడికి వినిపించకపోతే అది బోధ అవుతుందా?

ఎఫెసీ 5లో భార్యలు లోబడాలన్న మాట దగ్గరే మొదలుపెడతారు. దానికి ముందు వచనంలో అందరూ ఒకరికొకరు లోబడాలని పౌలు రాశాడు. ఆ తరువాత భార్యలకు చెప్పినది మూడు వచనాలైతే, భర్తలకు చెప్పినది దానికి రెండింతలకు పైగా ఉంది. క్రీస్తు సంఘం కోసం తన్ను తాను అప్పగించుకున్నట్టు ప్రేమించాలన్నాడు. దెబ్బ తినడానికి సిద్ధపడినవాడు క్రీస్తు. దెబ్బ కొట్టేవాడు ఆయన పోలిక అని చెప్పుకోలేడు. 1 పేతురు 3:7 మరీ సూటిగా ఉంటుంది. భార్యను గౌరవించని భర్త ప్రార్థనలకే అడ్డు కలుగుతుంది. మన సంఘాల్లో ఎన్ని కుటుంబ ప్రార్థనలు అక్కడే ఆగిపోతున్నాయో!

క్షమాపణ గురించి మత్తయి 18 చదువుతారు. లెక్కలేనన్ని సార్లు క్షమించమన్నది నిజమే. అదే అధ్యాయంలో, తప్పు చేసిన సహోదరుడు ఒంటరిగా చెప్పినా, సాక్షులతో చెప్పినా వినకపోతే సంగతిని సంఘానికి తెలియజేయమని ఉంది. దాచమని లేదు. క్షమించడం గాయపడిన వ్యక్తి మనసులో, ఆమెకు వీలైన కాలంలో జరిగే పని. తిరిగి అదే ఇంట్లో అదే చేతికి అప్పగించడం వేరే పని. ఈ రెండిటినీ కలిపేసి ఆమె మీద మోపే హక్కు ఏ పాస్టరుకూ, ఏ పెద్దకూ లేదు. జక్కయ్య కూడా ఊరికే మారిపోయానని అనలేదు, తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. మారుమనస్సుకు లెక్క ఉంటుంది.

మాట్లాడిన స్త్రీలు తెచ్చిన చట్టాలు

చట్టం మాట ఎత్తితే “విశ్వాసులం, కోర్టులకు వెళ్ళవచ్చా” అంటారు. మన దేశంలో క్రైస్తవ స్త్రీల స్థితిని చట్టం ఎంతకాలం కట్టిపడేసిందో తెలిస్తే ఆ ప్రశ్న అంత తేలిగ్గా రాదు. 1869 నాటి విడాకుల చట్టం కింద క్రైస్తవ భర్త భార్య వ్యభిచారం ఒక్కటి రుజువు చేస్తే చాలు. భార్య మాత్రం భర్త వ్యభిచారంతోపాటు క్రూరత్వమో, రెండేళ్ళు విడిచిపెట్టి పోవడమో కూడా రుజువు చేయాలి. ఎంత కొట్టినా, క్రూరత్వం ఒక్కటే విడాకులకు చాలేది కాదు. 1995లో కేరళ హైకోర్టు ఈ వివక్షను తప్పుపట్టింది. 2001లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. 132 ఏళ్ళు పట్టింది. కోర్టు మెట్లెక్కిన స్త్రీలు, ఏళ్ళ తరబడి వినతులిచ్చిన క్రైస్తవ మహిళా సంఘాలు లేకపోతే ఇంకా ఎన్నేళ్ళు పట్టేదో.

ఆస్తి హక్కు కూడా అంతే. తండ్రి ఆస్తిలో సమాన వాటా కోసం కేరళ క్రైస్తవ స్త్రీ మేరీ రాయ్ సుప్రీంకోర్టుకు వెళ్ళి 1986లో గెలిచారు. సంఖ్యాకాండము 27లో సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు మోషే ఎదుటా సమాజమంతటి ఎదుటా నిలబడి తండ్రి స్వాస్థ్యం అడిగారు. వారు అడిగింది న్యాయమేనని దేవుడే తీర్పు చెప్పాడు. అడగడం అవిధేయత అయితే ఆ తీర్పు వచ్చేది కాదు.

పనిచేసే చోట స్త్రీలకు రక్షణ ఇచ్చే చట్టం వెనుక రాజస్థాన్ గ్రామీణ స్త్రీ భన్వరీ దేవి ఉంది. ప్రభుత్వ కార్యక్రమంలో సాథిన్‌గా పనిచేస్తూ ఒక పసిపాప పెళ్ళిని ఆపబోయినందుకు 1992లో పైకులాల మగవాళ్ళు ఆమెపై సామూహిక అత్యాచారం చేశారు. 1995లో కింది కోర్టు నిందితులను అత్యాచార నేరం నుంచి విడుదల చేసింది. కానీ ఆమె కోసం స్త్రీల సంస్థలు వేసిన కేసులో సుప్రీంకోర్టు 1997లో విశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. అవే 2013లో చట్టమయ్యాయి. పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతి చోటా ఫిర్యాదుల కోసం అంతర్గత కమిటీ ఉండాలి. మన మిషన్ స్కూళ్ళు, ఆస్పత్రులు, డయాసిస్ ఆఫీసులు ఇందుకు మినహాయింపు కావు. మీ సంస్థలో ఆ కమిటీ ఉందా? దాని సభ్యుల పేర్లు గోడ మీద ఉన్నాయా? వెళ్ళి చూడండి.

మనం చేయగలిగినవి

సొంత రాష్ట్రం బయట తరతరాలుగా స్థిరపడిన తెలుగు సంఘాలకు ఒక ప్రత్యేక బాధ్యత ఉంది. సోలాపూర్‌లో బీడీలు చుట్టే సహోదరి ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది. పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు మరాఠీలో రాస్తారు. బెంగళూరులోనూ చెన్నైలోనూ తెల్లవారకముందే వీధులు ఊడ్చే తెలుగు దళిత స్త్రీలున్నారు. వారికి ఇంట్లో భర్త దెబ్బ, పనిలో మేస్త్రీ బెదిరింపు, బయట కులం చూపు, మూడూ ఉంటాయి. బరంపురంలో ఒడియా, బెంగళూరులో కన్నడ, చెన్నైలో తమిళం. తన బాధను తనకు చదవరాని అక్షరాల్లో రాయించి, కింద వేలిముద్ర వేసే స్త్రీకి, ఆ కాగితంలో ఏముందో ఎవరు చెబుతారు? ఆ రాష్ట్ర భాషలోనే బడి చదువు చదువుకున్న మన యౌవనస్థులు చెప్పగలరు. ఇంతకంటే మంచి పరిచర్య మేము చూపలేము.

అందుకని ప్రతి సంఘం ముందు కొన్ని పనులు పెడుతున్నాము.

మొదటిది, ఈ ఆగమన కాలంలో ఒక ఆదివారం తామారు అధ్యాయం మీద వాక్యం చెప్పాలి. వేదిక మీదినుంచి ఒక్క మాట స్పష్టంగా వినిపించాలి: ఈ సంఘంలో భార్యను కొట్టడం పాపం, చట్టప్రకారం నేరం, ఇక్కడికి వచ్చి చెప్పే స్త్రీని నమ్ముతాం. ఆ ఒక్క మాట విన్నాక తలుపు తట్టేవారు ఎవరో ఒకరు ఉంటారు.

రెండోది, తలుపు తట్టిన స్త్రీని భర్త ఎదుట కూర్చోబెట్టి విచారించవద్దు. ముందు ఆమె ఒంటరిగా, పాస్టరమ్మ దగ్గరో, నమ్మకమైన ఇద్దరు స్త్రీల దగ్గరో చెప్పుకోనివ్వాలి. రక్తస్రావం గల స్త్రీ జనం మధ్య తన సంగతి అంతా చెప్పేవరకు యేసు ప్రయాణం ఆపి నిలబడ్డాడని మార్కు 5లో చూస్తాం. యాయీరు వంటి పెద్దమనిషి తొందరపడుతున్నా ఆయన ఆగాడు.

మూడోది, చట్టం తెలుసుకోవాలి. 2005 నాటి గృహహింస చట్టం అన్ని మతాల స్త్రీలకూ వర్తిస్తుంది. ఇల్లు భర్త పేరున ఉన్నా, అత్తమామల పేరున ఉన్నా, కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు కోరవచ్చు. హింస జరుగుతోందని తెలిసిన ఎవరైనా రక్షణాధికారికి తెలపవచ్చు. మంచి ఉద్దేశంతో తెలిపినవారి మీద కేసు ఉండదని ఆ చట్టమే చెబుతుంది. మహిళా హెల్ప్‌లైన్ 181, అత్యవసరానికి 112, పిల్లలకు 1098. జిల్లాల్లో సఖి వన్ స్టాప్ సెంటర్లు ఉన్నాయి. ఈ నంబర్లు గుడి నోటీసు బోర్డు మీద రెండు భాషల్లో ఉండాలి. స్త్రీల బాత్‌రూమ్ తలుపు లోపలి వైపున కూడా అంటించండి. అక్కడైతే ఎవరూ చూడకుండా రాసుకోవచ్చు.

నాలుగోది, పిల్లల విషయంలో రాజీ అనే మాటే వద్దు. పద్దెనిమిదేళ్ళలోపు బిడ్డ మీద లైంగిక దాడి జరిగిందని తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం 2012 నాటి పోక్సో చట్టం కింద శిక్షార్హం. సంఘ పెద్దల పంచాయతీలో డబ్బిచ్చి ముగించడం ఆ బిడ్డకు రెండో గాయం.

అయిదోది, వివాహ ప్రకటనలు చదివే ముందు అబ్బాయినీ అమ్మాయినీ విడివిడిగా కూర్చోబెట్టి మాట్లాడాలి. కట్నం అనకుండా ‘లాంఛనాలు’ అన్నా, ‘పెట్టుపోతలు’ అన్నా, 1961 నుంచి అది నేరమే. కట్నం లెక్క తేలాక జరిగే పెళ్ళికి ఆశీర్వాదం చెప్పడం సంఘం మానాలి.

వచ్చే అభ్యంతరాలు

“తప్పుడు కేసులు కూడా ఉంటాయి కదా” అంటారు. ఉండవచ్చు. వాటిని తేల్చడానికి పోలీసు విచారణ, కోర్టు ఉన్నాయి. వందలో 77 మంది నోరే విప్పని చోట సంఘం మొదటి భయం అబద్ధం గురించి కావడం న్యాయం కాదు. “కుటుంబాలు విడిపోతాయి” అంటారు. కుటుంబాన్ని విడగొట్టింది మొదటి దెబ్బ. దాన్ని బయటపెట్టినామె కాదు. “అన్యుల ముందు పరువు పోతుంది” అంటారు. సంఘం పరువు దాని సత్యంలో ఉంది. తప్పును దాచిన సంఘాల గతి ఏమైందో అనేక దేశాల పేపర్లలో చదువుతూనే ఉన్నాం.

ప్రపంచ సంఘాల మండలి 1980లలో మొదలుపెట్టిన ఒక ఉద్యమంలో భాగంగా అనేక దేశాల్లో క్రైస్తవులు గురువారాల్లో నల్లబట్టలు కట్టుకుంటారు. అర్జెంటీనాలో మాయమైన పిల్లల కోసం గురువారాల్లో నడిచిన తల్లుల స్ఫూర్తి అందులో ఉంది. యౌవనస్థులారా, మీరు కూడా కట్టుకోండి, ఫోటోలు పెట్టండి. అయితే ఆ ఫోటో పెట్టిన అబ్బాయి తన చెల్లెలి ఫోను లాక్కోకూడదు, తన స్నేహితుడు క్లాసులో అమ్మాయి మీద వేసే వెకిలి మాటకు నవ్వకూడదు, తన పెళ్ళిలో బండి అడగకూడదు. నల్లచొక్కా వేసుకోవడం ఒక నిమిషం పని. స్నేహితుడి ముఖం మీద “అది తప్పురా” అనడానికి ధైర్యం కావాలి.

సహోదరీ, ఇది చదువుతున్న నీకు ఇంట్లో దెబ్బలు పడుతుంటే ఒక్క మాట. నీ శ్రమ నీ సిలువ కాదు. క్రీస్తు సిలువను తానే ఎంచుకుని మోశాడు. నీ మీద పడేదాన్ని నువ్వు ఎంచుకోలేదు. పద్దెనిమిదేళ్ళు నడుము వంగిపోయిన స్త్రీని విశ్రాంతి దినమని చూడకుండా యేసు నిటారుగా నిలబెట్టాడు. మందిరపు అధికారి కోప్పడితే ఆమె అబ్రాహాము కుమార్తె అని అందరి ముందూ చెప్పాడు. రేపటిదాకా ఆగమని అనలేదు. నిన్నూ ఆగమని చెప్పే అధికారం ఎవరికీ లేదు. 181కి ఫోను చెయ్యి. నమ్మకమైన ఒక్కరికి చెప్పు. వారు “ఊరుకో” అంటే ఇంకొకరికి చెప్పు.

సంఘ పెద్దలకు, తోటి పాస్టర్లకు మా విన్నపం ఒకటే. ఈ వారం మీ కమిటీ కూడినప్పుడు క్రిస్మస్ బడ్జెట్టుతోపాటు ఇంకొక అంశం పెట్టండి: మన దగ్గరికి వచ్చిన స్త్రీ మాట ఎవరు వింటారు, ఏ గదిలో, ఆ తరువాత ఆమె వెంట స్టేషన్‌కు ఎవరు వెళ్తారు? ఇద్దరి పేర్లు రాసి, ఆదివారం చదివి వినిపించండి.